గిరుక్కున తిరిగే గ్లాడియేటర్

స్పిట్‌ఫైర్ లాంటి వేగమైన యుద్ధవిమానాలు వచ్చాక కూడా, జంట రెక్కల బ్రిటిష్ యుద్ధవిమానం గ్లాడియేటర్ రెండో ప్రపంచ యుద్ధంలో ఎలా నెగ్గుకొచ్చిందని ఒక పాఠకుడు అడిగారు. దాని పుట్టుక కథ వదిలేద్దాం. 1937లో బ్రిటిష్ వాయుసేనలో చేరేనాటికే దాని కాలం చెల్లిపోతోంది. నిజాం తలపాగాను చిహ్నంగా పెట్టుకున్న 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ (విమాన దళం) 1939లో దీనితోనే మొదలై, కొన్ని నెలలకే స్పిట్‌ఫైర్‌కు మారింది.

కిటుకంతా రెక్కల్లోనే ఉంది. నిండు బరువు సుమారు 2,080 కిలోలు, రెక్కల వైశాల్యం 30 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరు మోసేది 70 కిలోలు. తొలి స్పిట్‌ఫైర్‌లో అది 125 దాకా ఉంటుంది. రెక్క మీద భారం తగ్గితే నెమ్మదిగానూ ఎగరొచ్చు. గ్లాడియేటర్ గంటకు 85 కి.మీ.కు తగ్గేదాకా గాలిలో నిలుస్తుంది. 60 డిగ్రీలు ఒరిగి తిరిగితే రెక్క రెట్టింపు బరువు మోయాలి, ఆ కనీస వేగం 1.41 రెట్లై 120 అవుతుంది. కాబట్టి 200 వేగంతో ధీమాగా తిరగొచ్చు. వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చి, దాని వర్గాన్ని గురుత్వ త్వరణంతోనూ ఒరిగిన కోణపు టాన్‌తోనూ భాగిస్తే మలుపు వ్యాసార్ధం వస్తుంది: ఇక్కడ 182 మీటర్లు. అదే వంపుతో 400 వేగంలో తిరిగేవాడికి 727 మీటర్లు కావాలి. వేగం రెండింతలైతే చక్రం నాలుగింతలు! బళ్ళో ఈ సూత్రాన్ని బట్టీ పట్టిస్తారు గానీ, సందు మలుపులో సైకిలు, లారీ తిరిగే తీరు చూపించరు.

చిక్కేమిటంటే, బాంబర్ మలుపులు తిరగదు. తిన్నగా వచ్చి, బాంబులు వేసి, తిన్నగా పోతుంది. 1940 జూన్ 11న మధ్యధరా సముద్రంలోని బ్రిటిష్ ద్వీపం మాల్టా మీదికొచ్చిన ఇటలీ బాంబర్ ఎస్.ఎం.79 వేగం 430 కి.మీ. దాకా, గ్లాడియేటర్‌ది 407. వెంటపడితే అందదు, ముందే పైకెక్కి కాచుకోవాలి. ఇటలీ ద్వీపం సిసిలీ అక్కడికి 100 కి.మీ. దూరమే, రాడార్ హెచ్చరించాక మిగిలేది పావుగంట. 3,000 మీటర్లు ఎక్కడానికే 5 నిమిషాలు పడుతుంది. పైనుంచి దూకినా రెక్కల మధ్య కమ్మీలు, తీగలు, లోపలికి ముడుచుకోని చక్రాలు గాలికి అడ్డుపడి వేగం పెరగనివ్వవు. గురి చూసి కాల్చే అవకాశం తరచుగా ఒక్కసారే.

మాల్టాను కాచినవి ‘ఫెయిత్, హోప్, చారిటీ’ అనే మూడే విమానాలన్నది తర్వాత అల్లుకున్న పురాణం. అక్కడ పెట్టెల్లో మిగిలిన సీ గ్లాడియేటర్లు (నౌకాదళ రకం) అంతకంటే ఎక్కువే. విడిభాగాలు దొరక్క బ్లెన్‌హైమ్ బాంబర్ ఇంజను తెచ్చి బిగించారు. రెండూ మెర్క్యురీ రకమే కాబట్టి అది కుదిరింది.

చలికి మాత్రం మందు లేకపోయింది. 1940 ఏప్రిల్‌లో నార్వేలో, గడ్డకట్టిన లెస్యాస్కోగ్ సరస్సు మీద 18 గ్లాడియేటర్లు దిగాయి. రాత్రికి రాత్రే కార్బురేటర్లు (ఇంధనాన్ని గాలితో కలిపే భాగాలు), కంట్రోళ్లు బిగుసుకుపోయాయి. తెల్లారి ఇంజన్లతో కుస్తీ పడుతుండగానే జర్మన్ బాంబర్లు వచ్చిపడ్డాయి. ఆ ఒక్కరోజులో చాలామటుకు మంచు మీదే పోయాయి.