"మా అమ్మ ఎక్కడున్నట్టండీ?" రక్షణ గురించి అపోహలు, వాస్తవాలు

మా డెల్టాలో పాస్టరు పని చేసేవాళ్లను ఎవరినైనా అడగండి, అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఒకటే చెబుతారు. యేసును నమ్మకుండా పోయిన మా అమ్మ, మా నాన్న, మా ఆయన ఇప్పుడు ఎక్కడున్నట్టు? మన ఇళ్లు అలాంటివి మరి. కోడలు ఆదివారం ఆరాధనకు వస్తుంది, అత్తగారు కార్తీకంలో గోదాట్లో దీపం వదులుతుంది, ఇద్దరూ కలిసే వండుకుంటారు, కలిసే తింటారు. నేను లూథరన్ పాస్టర్ని, అది ముందే చెప్పేస్తున్నా. మారుమనస్సు, బాప్తిస్మం లాంటి మాటలు మీకు తెలుసనే అనుకుని రాస్తున్నా. రక్షణ అంటే ఇక్కడ పాపం నుంచి విడుదలై పరలోకం చేరడం.

అపోహ: నమ్మకుండా పోయినవాళ్లంతా నరకంలోనే ఉన్నారు. బైబిల్లో ఇదే ఉంది, క్రైస్తవులందరూ ఇదే నమ్ముతారు.

వాస్తవం: ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే జనాన్ని ఇంత గట్టిగా పట్టుకుంటుంది. "నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు" అని యోహాను 14:6లో ఉంది. ఇంకెవరి వల్లా రక్షణ లేదనే అపొస్తలుల కార్యములు 4:12 కూడా అంతే గట్టిది. ఆ వాక్యాలను పలచన చేసే పని నేను చెయ్యను. కానీ రక్షించేది యేసే అనడం వేరు, బతికుండగా ఆయన పేరు విని, ఒప్పుకుని, సంఘం రిజిస్టర్లో చేరినవాళ్లనే రక్షిస్తాడనడం వేరు. యేసు కంటే ఎంతో ముందువాడైన అబ్రాహాముకు ఆయన పేరు తెలీదు. యోబుదేమో ఊజు దేశం, ఇశ్రాయేలు కూడా కాదు. వాళ్లు నరకానికి పోయారని ఏ పాస్టరూ అనడు. ఆ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందన్నదాని మీదే సంఘం శతాబ్దాలుగా వాదించుకుంటోంది, ఇంకా తేల్లేదు.

"సంఘానికి వెలుపల రక్షణ లేదు" అన్న మాట మూడో శతాబ్దంలో కార్తేజు బిషప్ సిప్రియన్‌ది. ఆయన గొడవ సంఘాన్ని చీల్చుకుని వేరు కుంపటి పెట్టినవాళ్లతోనే గాని, సువార్త చెవిన పడనివాళ్లతో కాదు. తరవాత తరవాత ఆ మాట బిగుసుకుంటూ పోయి, 1442లో కేథలిక్కుల ఫ్లోరెన్స్ మహాసభ దగ్గరకొచ్చేసరికి అన్యులు, యూదులు, చీలిపోయినవాళ్లు చనిపోయేలోపు సంఘంలో చేరకపోతే నిత్యాగ్నికే అని రాసేశారు. మరో యాభై ఏళ్లకు కొలంబస్ అమెరికా చేరాడు. అక్కడ సువార్త అన్నదే వినని జనం తరతరాలుగా పుట్టి పోతున్నారని తెలిశాక వేదాంతులకు తలనొప్పి మొదలైంది. 1964లో రెండో వాటికన్ మహాసభ, తమ తప్పేమీ లేకుండా క్రీస్తును ఎరగకపోయినా మనస్సాక్షి ప్రకారం దేవుణ్ని వెదికినవాళ్లు రక్షణ పొందగలరని చెప్పింది. అంతకుముందే, కేథలిక్కులు తప్ప ఇంకెవరూ రక్షణ పొందరని మొండికేసిన బోస్టన్ ఫాదర్ లెనార్డ్ ఫీనీని 1953లో రోమ్, అంటే కేథలిక్ అధిష్ఠానం, వెలివేసింది. పై అధికారుల మాట విననందుకు అని కారణం చూపారు గాని, గొడవకు మూలం ఇదే.

ప్రొటెస్టెంట్లలోనూ ఒక్క మాట లేదు. ఎరిగి నమ్మితే తప్ప రక్షణ లేదనేవాళ్లున్నారు, వినకుండా ఎలా నమ్ముతారు అని అడిగే రోమా 10 వాళ్ల ఆధారం. వాళ్లను నేను తేలిగ్గా తీసెయ్యను, ఆ నమ్మకం లేకపోతే బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాలు 1836లో ఓడెక్కి వచ్చి నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో బతుకులు ధారపోసేవా? మరోవైపు చూస్తే, ఒకే రక్షకుడు అని గట్టిగా చెప్పిన 1974 లోసాన్ ఒడంబడిక (సువార్త ప్రకటన మీద ప్రపంచ సువార్తిక నాయకుల ప్రకటన) ముఖ్య రచయిత జాన్ స్టాట్, సువార్త విననివాళ్ల సంగతి మనకు తెలియదు అనడమే క్రైస్తవుడికి తగిన మాట అని 1988లో రాశాడు. అంత చదివినాయన తెలీదన్న చోట, ఫోన్లో మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టే మనిషికి ఎలా తెలిసిపోయిందో నాకైతే అర్థం కాదు.

ఆ వాయిస్ మెసేజ్ గురించే ఇదంతా. మా సంఘంలో ఒకావిడ, పెళ్లయ్యాక ప్రభువును నమ్ముకుంది. వాళ్లమ్మ చనిపోయిన నెలలోనే ప్రార్థన గ్రూపులో ఎవరో ఆ మెసేజ్ పెట్టారు. విగ్రహారాధికులు ఈ క్షణాన ఎలా కాలుతున్నారో వర్ణన, ఎంత దాహంగా ఉంటుందో అంతా. ఆవిడ నిద్ర మానేసింది. నేను వాళ్లింటికి వెళ్లేసరికి గోడ మీద ఫొటో లేదు, మేకు మాత్రం ఉంది. ఫొటో ఏదమ్మా అంటే బీరువా తీసి చీరల అడుగు నుంచి బయటికి తీసింది, ఫ్రేముకి పసుపు దండ అలాగే ఉంది. అలాంటి ఫొటో ఇంట్లో ఉంటే శాపమని చెప్పారట. "మా అమ్మ ఎక్కడున్నట్టండీ అయ్యగారూ?" అని అడిగింది. నాకు తెలీదమ్మా, కానీ ఆ మెసేజ్ పెట్టినాయనకు అసలే తెలీదు అన్నాను. ఫొటో మళ్లీ మేకుకి తగిలించాం.

ఇక్కడ కొందరు అడ్డుపడతారు. "అయ్యగారూ, ఆవిడ తల్లేమీ వినని మనిషి కాదు కదా, తెల్లారుజామునే మన మైకు ఊరంతా వినపడుతుంది, కరపత్రాలు ఇంటింటికీ ఇచ్చాం, విని కూడా నమ్మలేదు." వినడమంటే ఏంటండీ? మైకు మోత చెవిన పడితే సువార్త విన్నట్టేనా? ఆ తల్లి క్రైస్తవం గురించి దగ్గరగా చూసింది ఏంటంటే, కూతురి బొట్టు తుడిపించి, పుట్టింటి ప్రసాదం కాలవలో పారేయించిన వియ్యాలవారు. ఆవిడ కాదన్నది యేసునా, వాళ్లనా? దీన్ని తేల్చే తెలివి నాకు లేదు. "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అని అబ్రాహాము అడిగాడు చూడండి ఆదికాండం 18లో, నేను అక్కడ ఆగిపోతాను. లూకా 13లో ఒకడు యేసునే నేరుగా అడిగాడు, రక్షణ పొందేవాళ్లు కొద్దిమందేనా అని. ఆయన లెక్క చెప్పలేదు, ఇరుకు ద్వారంలో నువ్వు ప్రవేశించడానికి పాటుపడు అన్నాడు. ఇంకో సంగతి. కేథలిక్ సంఘం ఎంతోమందిని పరిశుద్ధులుగా ప్రకటించింది, పరలోకంలో ఉన్నారని అర్థం. ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని ఒక్కరి పేరూ ప్రకటించలేదు. రోమ్ చెయ్యని పనికి మన వాట్సాప్ గ్రూపులు పూనుకున్నాయి.

అపోహ: అయితే అన్ని దారులూ ఒకటే, నమ్మినా నమ్మకపోయినా తేడా లేదు.

వాస్తవం: ఇది మొదటిదానికి అవతలి కొస. జాన్ హిక్ లాంటి వేదాంతులు దాదాపు ఇలాగే అన్నారు, చాలా సంఘాలు ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను. వినని మనిషి మీద ఆశ వదలనివాళ్లు కూడా, ఆ మనిషి రక్షణ పొందితే అది క్రీస్తు వల్లే అంటారు. చివరికి అందరూ పరలోకం చేరతారన్న బోధ కూడా పాతదే. మూడో శతాబ్దపు వేదాంతి ఓరిజెన్ పేరుతో నడిచింది, 553లో కాన్‌స్టాంటినోపుల్లో ఓరిజెన్‌నే ఖండించారు, అయినా ఆ బోధ ఇప్పటికీ పోలేదు. మా ఊరి పురోహితుడు ఒకసారి నవ్వుతూ అన్నారు, "గోదావరి స్నానంలో కాటన్ దొరను తలుచుకునే శ్లోకం ఉంది మాకు, ఆయనకి మోక్షం ఉందా లేదా అని ఏనాడూ మేం అడగలేదండి" అని. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన మనిషి కాబట్టి ఎవరూ అడగరులెండి అన్నాను.

అపోహ: హిందూ బంధువుల పెద్దకర్మకు వెళితే రక్షణ పోతుంది.

వెళ్లండి. షామియానా కింద కూర్చుంటే పోయేది రక్షణ కాదు. భోజనం సంగతి, విగ్రహాలకు పెట్టిన ఆహారం గురించి చెప్పే 1 కొరింథీ 8 చదువుకుని మీ మనస్సాక్షిని అడగండి.

అపోహ: బాప్తిస్మం లేకుండా పోయిన పసిబిడ్డకు పరలోకం లేదు.

మా లూథరన్లు పసిబిడ్డలకు ఇస్తారు, బ్రదరన్ వాళ్లు, బాప్టిస్టులు ఇవ్వరు. ఇవ్వనివాళ్లు బాప్తిస్మం లేకుండా చనిపోయిన బిడ్డలంతా నరకానికి పోయారని అనుకుంటున్నారా? లేదు. అలాంటి బిడ్డల రక్షణ కోసం ఆశించడానికి తగిన కారణాలున్నాయని 2007లో కేథలిక్ వేదాంత కమిషన్ కూడా చెప్పింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర ఈ అపోహ ఎత్తేవాళ్లను గుమ్మం బయటే ఆపండి.

అపోహ: స్పృహ లేని పెద్దాయనకు గబగబా బాప్తిస్మం ఇచ్చేస్తే పని అయిపోతుంది.

ఐసీయూ నుంచి ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. వచ్చి ప్రార్థన చేస్తాను, చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. ఆయన ఏనాడూ అడగని బాప్తిస్మం ఇవ్వను. నేడు నాతో పరదైసులో ఉంటావని యేసు మాట ఇచ్చిన సిలువ మీది దొంగకు బాప్తిస్మం ఎవరిచ్చారు?

అపోహ: కానుక ఇస్తే ప్రత్యేక ప్రార్థనతో పోయినవాళ్లను విడిపిస్తారు.

కేథలిక్కులు పోయినవాళ్ల కోసం ప్రార్థిస్తారు, మేం చెయ్యం, అది వేరే చర్చ. రేటు చెప్పి నరకం నుంచి తెస్తానన్నవాడు మాత్రం రెండు వైపులవాడూ కాడు. 1517లో మా లూథర్ గొడవ మొదలెట్టిందే ఇలాంటి బేరం మీద, డబ్బు తీసుకుని పాప శిక్ష మాఫీ పత్రాలు అమ్మడం మీద. పైన చెప్పినావిడ దగ్గరకూ ఒకడు వచ్చాడు, ఉపవాస ప్రార్థనకు పదివేలు అన్నాడట. చెవిదిద్దులు తాకట్టు పెట్టబోతుంటే వాళ్లాయన చూసి ఆపాడు. మీ ఇంటికీ వస్తే మంచినీళ్లు ఇచ్చి పంపెయ్యండి, కానుక కవరు మాత్రం ఇవ్వకండి.