చిన్న చోట్ల నుంచి వచ్చే హాకీ పిల్లల్ని అంచనా వేయడం: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో పద్దెనిమిదేళ్లుగా పిల్లలకి హాకీ నేర్పుతున్నాను, ట్రయల్స్‌లో సెలెక్టర్‌గా కూడా కూర్చుంటాను. ప్రతీ ఏడాదీ అవే మాటలు, అటు తల్లిదండ్రుల దగ్గరా ఇటు పీఈటీల దగ్గరా. అందుకే ఈసారి రాసేద్దామనుకున్నాను. ఇది మన జిల్లా పిల్లల గురించే కాదు, పోటీ తక్కువున్న ఏ దేశం కుర్రాడికైనా ఇదే లెక్క.

అపోహ: అన్ని గోల్స్ కొట్టాడంటే టాలెంట్ ఉన్నట్టే కదా!

వాస్తవం: ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు కదా, అదన్నమాట. ఒక స్కూల్ టోర్నీలో ఒక గుంటడు ఒక్క మ్యాచ్‌లో తొమ్మిది గోల్స్ కొట్టీసాడు, వాళ్ళ ఊరోళ్ళు భుజాల మీద ఎత్తుకున్నారు. నేను మ్యాచంతా దగ్గరుండి చూసాను, తొమ్మిదిట్లో ఏడు ఒకేలా వచ్చాయి, బంతిని ముందుకి గట్టిగా కొట్టీడం, దాని వెనకాల పరిగెత్తడం, డిఫెండర్ అందుకోలేకపోవడం. అంటే మనం చూసింది వాడి కాళ్ళ స్పీడే, హాకీ కాదు. అంతే స్పీడున్న డిఫెండర్ ఎదురైన రోజు వాడి దగ్గర ఇంకేముందో ఆ తొమ్మిది గోల్స్ మనకి చెప్పవు.

ఐస్ హాకీలో దీనికి ఒక పద్ధతుంది, ఫలానా దేశం లీగ్‌లో ఇన్ని పాయింట్లంటే (గోల్స్, గోల్‌కి ఇచ్చిన పాసులు కలిపి) అమెరికా, కెనడాల పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎన్నికి సమానమో గుణకాలు వేసుకుంటారు. పనికొచ్చేదే, కానీ అది సగటు, ఒక్క కుర్రాడి గురించి తీర్పు కాదు. యురాయ్ స్లఫ్కోవ్‌స్కీనే చూడండి, స్లొవేకియా కుర్రాడు, ఫిన్లాండ్ వెళ్ళి పెద్దవాళ్ళ లీగ్‌లో ఆడితే 31 మ్యాచ్‌ల్లో వచ్చినవి 10 పాయింట్లే. అదే సీజన్లో 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో 17 ఏళ్ళకే 7 గోల్స్ కొట్టి టోర్నీలో ఉత్తమ ఆటగాడయ్యాడు, ఆ ఏడాది ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే టీములు వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకునేచోట, అందరికంటే ముందు అతన్నే తీసుకున్నారు. ఒక్క లీగ్ అంకె చూసుకుని కూర్చుంటే దొరికేవాడా?

అపోహ: చిన్న టీముల్లో ఆటగాళ్ళేం ఉంటారండీ.

వాస్తవం: 2023 జనవరిలో భువనేశ్వర్‌లో ఇండియా - వేల్స్ మ్యాచ్ గుర్తుందా? వేల్స్‌కి అదే మొదటి వరల్డ్ కప్. గ్రూప్‌లో టాప్ రావాలంటే మనం 8 గోల్స్ తేడాతో గెలవాలి, చుట్టూ అందరూ అదేదో అయిపోయినట్టే మాట్లాడీసారు. 2-0 మీదున్న మనల్ని వాళ్ళు 2-2కి తెచ్చారు, చివరికి 4-2తో బయటపడ్డాం. 2018 వరల్డ్ కప్‌లో ఐర్లాండ్ అమ్మాయిలు 16వ ర్యాంకుతో వచ్చి మన అమ్మాయిల్ని క్వార్టర్స్‌లో షూటౌట్‌లో ఓడించి ఫైనల్ దాకా వెళ్ళారు. ఐస్ హాకీలోనూ అంతే, స్లొవేనియా నుంచి ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన మొదటివాడు ఆంజె కోపిటార్. అతను 17 ఏళ్ళు నిండేసరికే స్వీడన్ వెళ్ళి జూనియర్స్‌లో ఆడాడు, 2005 డ్రాఫ్ట్‌లో 11వ స్థానంలో తీసుకున్నారు, 2012లో ఒకసారి, 2014లో ఒకసారి ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచాడు. సొంత దేశంలో ఎంత కొట్టాడన్నది ఒకెత్తు, గట్టి పోటీలో పడ్డాక ఎంత తొందరగా సర్దుకున్నాడన్నది ఒకెత్తు. నాకు రెండోదే ముఖ్యం.

అపోహ: ట్రయల్స్ రోజు తేలిపోయాడు, ఇంక వాడి వల్ల కాదు.

వాస్తవం: ఇక్కడ మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి, పిల్లలకి ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే.

మన పిల్లలు ఆడేది మట్టి గ్రౌండు. బంతి తిన్నగా రాదు, చిన్న రాయి తగిలినా మోకాలు దాకా ఎగుర్తుంది. అందుకని మన గుంటలు నిలబడే ఆపుతారు, స్టిక్ నిటారుగా పట్టుకుని, బంతి పూర్తిగా ఆగేదాకా దాని మీంచి కన్ను తియ్యకుండా. అది తప్పు కాదండీ, ఆ నేల నేర్పిన జాగ్రత్త. అదే పిల్లని తీసుకెళ్ళి టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద పెడితే బంతి నేలకి అతుక్కుని బాణంలా వచ్చీస్తుంది, అక్కడ నడుం బాగా వంచాలి, స్టిక్ నేలకి ఆనించాలి, పరిగెడుతూనే అందుకోవాలి. మొదటి రోజు పది బంతులొస్తే ఆరు స్టిక్ కిందనుంచి జారిపోతాయి. చూసేవాళ్ళు ట్రాపింగే (బంతిని ఆపడమే) రాదు అని రాసీసుకుంటారు. పెద్ద పెద్ద దేశాలకీ ఇది తగిలింది, ఒలింపిక్స్‌లో మొదటిసారి టర్ఫ్ వచ్చింది 1976 మాంట్రియల్‌లో, అప్పుడు మన ఇండియా 7వ స్థానంలో వచ్చింది.

సీతంపేట వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి విషయంలో నేనూ అలాగే పొరపాటు చేసాను. మొదటి రోజు పేరు కొట్టీసాను. రెండో రోజు సంఖ్య తక్కువైందని ఆడనిచ్చాం. అప్పుడు గమనించాను, బంతి తన దగ్గరికి రాకముందే ఆ పిల్ల తల రెండుసార్లు తిప్పి వెనకాల ఎవరున్నారో చూసుకుంటోంది. బంతి ఆగకపోయినా ఎటివ్వాలో ముందే తెలుసు. బంతి పోగొట్టుకుంటే చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడలేదు, వెనక్కి పరిగెత్తి టాకిల్ చేసింది. మధ్యాహ్నానికి ఎవరూ చెప్పకుండానే నడుం వంచడం మొదలెట్టింది, పక్కవాళ్ళని చూసి. ట్రాపింగ్ నేను మూడు నెలల్లో నేర్పగలను. ఆ చూపుని మాత్రం ఆ వయసు దాటాక నేర్పడం చాలా కష్టం. ఇప్పటికీ మొదటి రోజు ఆ పేరు మీద కొట్టిన గీత తల్చుకుంటే మనసు ఉసూరుమంటుంది, రెండో రోజే లేకపోతే ఏమయ్యేదో.

అపోహ: ఒడ్డూ పొడుగూ ఉన్నోడే పైకొస్తాడు.

వాస్తవం: పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్లో ఇది చాలావరకు పుట్టిన నెల మీద ఉంటుంది. జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే గ్రూప్‌లో ఆడతారు, దాదాపు ఏడాది తేడా. కెనడా జూనియర్ ఐస్ హాకీలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళే ఎక్కువున్నారని 1980ల్లోనే తేల్చారు. పోటీ బలహీనంగా ఉన్నచోట పెద్ద ఒళ్ళు ఇంకా ఎక్కువ కనపడుతుంది, అందుకే నేను స్కోర్ షీట్ కంటే ముందు పుట్టిన తేదీ అడుగుతాను.

అపోహ: వీడియో పంపితే చాలు.

వాస్తవం: రెండు నిమిషాల క్లిప్‌లో గోల్సే ఉంటాయి. నాకు కావాల్సింది బంతి లేనప్పుడు వాడేం చేస్తున్నాడో. ఫోన్ ఒక గట్టు మీద పెట్టి పూర్తి మ్యాచ్ తీయండి, అదీ మీరు ఓడిపోయిన మ్యాచ్ అయితే ఇంకా మంచిది.

పీఈటీ మాస్టార్లకి ఒక్కటే అడుగుతున్నాను. పిల్లల్ని ట్రయల్స్‌కి తెచ్చేటప్పుడు ఒక రోజు ముందే తీసుకురండి, టర్ఫ్ మీద ఓ గంట ఊరికే బంతి తోసుకోనివ్వండి. బస్సు దిగి, టిఫిన్ కూడా తినకుండా, అరువు స్టిక్‌తో నేరుగా లైన్లో నిలబెట్టకండి.