మోటారు ఆగినా మెల్లగా దిగడం

ప్రియమైన పిల్లలకు,

మోడల్ హెలికాప్టర్‌ను గాలిలో నిలకడగా నిలపడం, ముందుకు నడిపి మలుపు తిప్పడం మీకు వచ్చేసిందని మీ నాన్న చెప్పాడు. పల్టీలు కొట్టించాలని తొందరపడుతున్నారట. అంతకంటే ముందు మోటారు లేకుండా దించడం నేర్చుకోండి. దాన్నే ఆటోరొటేషన్ అంటారు.

మోటారు ఆగగానే రోటర్, అంటే పైన తిరిగే రెక్కల చక్రం, ఆగిపోదు. పెద్ద గేరులో ఉండే వన్‌వే బేరింగ్ వల్ల మోటారు రోటర్‌ను తిప్పగలదే తప్ప, తాను ఆగినప్పుడు దాన్ని పట్టి ఆపలేదు. హెలికాప్టర్ కిందికి జారుతుంటే గాలి రెక్కల మధ్యగా పైకి వీస్తుంది. కాగితపు గాలిమరను పట్టుకుని పరుగెత్తితే తిరిగినట్టే ఆ గాలికి రోటర్ తిరుగుతూ ఉంటుంది. అయితే, మోటారు ఆగిన మరుక్షణమే పిచ్‌ను, అంటే రెక్కల వాలు కోణాన్ని, సున్నాకు కాస్త కిందికి తగ్గించాలి. ఆలస్యమైతే రెక్కల వేగం పడిపోతుంది. వేగం సగానికి తగ్గితే వాటిలో శక్తి నాలుగో వంతే మిగులుతుంది.

ఎదురుగాలిలోకి, ముందుకు కదులుతూ దిగండి. నేల దగ్గరపడ్డాక ముక్కు పైకెత్తితే ముందుకు పోయే వేగం తగ్గి, రోటర్ మరికాస్త వేగం పుంజుకుంటుంది. తర్వాత హెలికాప్టర్‌ను సమంగా చేసి, చివరి క్షణంలో పిచ్‌ను మెల్లగా పెంచాలి. రెక్కల్లో దాచుకున్న శక్తి అంతా ఖర్చయ్యేది అప్పుడే. అది ఒక్కసారికే సరిపోతుంది. నేల దూసుకొస్తోందన్న భయంతో తలెత్తు ఎత్తులోనే పిచ్ పెంచేస్తే, కాళ్లు నేలకు తాకేలోగా రోటర్‌లో బలం ఉండదు. ఎక్కువ మోడళ్లు విరిగేది ఇక్కడే. వేలికి ఆ ఓర్పు అలవాటు కావాలి.

1972 జూన్ 21న ఫ్రాన్స్‌లో జాన్ బూలే అనే పైలట్ లామా హెలికాప్టర్‌ను 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకువెళ్లాడు. దిగడం మొదలుపెట్టగానే ఇంజిన్ ఆరిపోయింది, మళ్లీ రాజుకోలేదు. అంత ఎత్తునుంచీ ఆటోరొటేషన్‌తోనే క్షేమంగా నేలకు దిగాడు. మన దేశంలో చీతా పేరుతో తయారైంది ఆ లామాయే. మీ చేతిలోని చిన్న యంత్రాన్ని దించేదీ అదే సూత్రం.

ముందుగా సిమ్యులేటర్‌లో విసుగు పుట్టేదాకా చేయండి. తర్వాత మైదానంలో మోకాలెత్తున నిలిపి, మోటారును ఆపే థ్రాటిల్ హోల్డ్ స్విచ్ వేసి, పిచ్‌తో మెత్తగా దించండి. అది చేయి తిరిగాకే ఎత్తు పెంచండి. 700 మిల్లీమీటర్ల రెక్కలున్న పెద్ద మోడల్‌తో ఇది తేలిక, ఎందుకంటే బరువైన రెక్కల్లో శక్తి ఎక్కువ నిలుస్తుంది. చిన్నవాటికి క్షమాగుణం తక్కువ.

స్విచ్ వేస్తే మోటారు నిజంగా ఆగుతోందో లేదో ఇంట్లో రెక్కలు విప్పేసి పరీక్షించండి. స్విచ్ వెనక్కి తీస్తే అది వెంటనే వేగం అందుకుంటుందో, నిదానంగా మొదలవుతుందో కూడా అప్పుడే చూసుకోండి. నిదానంగా మొదలయ్యేదైతే, దిగుతూ మధ్యలో మనసు మార్చుకుని దాన్ని నమ్ముకోవద్దు. చివరిదాకా ఆటోరొటేషన్‌తోనే దించండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య