తీతువు పడిపోయిన ఫోటో

రెండేళ్ల కింద నల్లగొండలో కాలేజీ పిల్లలకు పెట్టిన ఒక చిన్న ఫోటో పోటీకి నన్ను కూడా జడ్జిగా పిలిచారు. టేబుల్ మీద పరిచిన ఫోటోల్లో మా ముగ్గురి కళ్లూ ఒక్కదాని దగ్గరే ఆగాయి. ఎర్ర మొరం నేల మీద ఒక తీతువు. ఒక రెక్క పూర్తిగా విప్పి నేలకు ఆనించింది, తోకను విసనకర్రలా పరిచింది, ఒంటిని పక్కకు వాల్చింది. కింద ‘నాట్యం’ అని పేరు రాసి ఉంది. పొద్దుటి వెలుతురు చక్కగా పడింది, ఈకలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. మిగతా ఇద్దరూ మొదటి బహుమతి దీనికే అన్నారు. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. ఆ పిట్ట భయంతో అలా పడి ఉంది.

తీతువు చెట్టు మీద గూడు కట్టదు. బోడి నేల మీద చిన్న గుంట చేసి, చుట్టూ నాలుగు గులకరాళ్లు చేర్చి, అందులో మామూలుగా మూడో నాలుగో గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మీద నల్లమచ్చలుండే ఆ గుడ్లు మన కాలి పక్కనే ఉన్నా కనిపించవు. కుక్కో, ముంగిసో, మనిషో అటు వస్తే తల్లీ తండ్రీ ముందు గోలగోలగా అరుస్తాయి, తల మీదుగా దూసుకొస్తాయి. అయినా పోకపోతే కొన్నిసార్లు రెక్క విరిగినట్టు నేల మీద పడి కొట్టుకుంటాయి. సులువుగా దొరికే తిండి కదా అని కుక్క దాని వెంట పడుతుంది. గూటికి చాలా దూరం లాక్కుపోయాక పిట్ట ఒక్క ఉదుటున లేచి ఎగిరిపోతుంది. నేల మీద గుడ్లు పెట్టే పక్షుల్లో చాలావాటికి ఈ విద్య తెలుసు.

దేవరకొండ వైపు మా ఊళ్లో గొర్లకాపరి తాత ఒకాయన ఉండేవాడు. తీతువు ఇలా పడిందంటే చాలు, “గుడ్లున్నయి బిడ్డా, కింద జూసి నడువు” అని మందను పక్కకు మళ్లించేవాడు. రాత్రిపూట తీతువు కూస్తే అపశకునమని భయపడే ఊరే అది. అదే ఊళ్లో పగలు దాని గుడ్లు తొక్కకుండా నడిచే జాగ్రత్త కూడా ఉండేది.

ఫోటో చూసి ఇదంతా ఎలా చెప్పగలనని తోటి జడ్జీలు అడిగారు. చెప్పొచ్చు. మొదట రెక్క చూడాలి. నిజంగా విరిగిన రెక్క అదుపు లేకుండా వేలాడుతుంది. ఈ ఫోటోలో పెద్ద ఈకలన్నీ వరసగా, తీర్చిదిద్దినట్టు విచ్చుకుని ఉన్నాయి, అంటే పిట్ట కావాలనే రెక్కను చాచింది. తర్వాత కన్ను చూడాలి. ఒళ్లు ఒక వైపు తిరిగి ఉన్నా పిట్ట చూపు నేరుగా లెన్సు మీదే ఉంది. వెంట వస్తున్నారా లేదా అని అది చూసుకుంటోంది. ఇక కాలం. ఫోటో తీసింది ఏప్రిల్‌లో. అది తీతువులు గుడ్లు పెట్టే కాలం.

వింత భంగిమల్లో అన్నీ ఇలాంటివే కావు. కొన్నిటిని పుట్టించేది కెమెరానే. ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఎటియెన్ జూల్ మరే 1882లో తుపాకీ ఆకారంలో ఒక కెమెరా తయారుచేసి, ఎగిరే పక్షులను సెకనుకు 12 చొప్పున ఫోటోలు తీశాడు. మనిషి కంటికి అందని రెక్కల తీరు అప్పుడు బయటపడింది. ఇవాళ కుర్రాళ్ల చేతుల్లో సెకనుకు 20 ఫ్రేములు తీసే కెమెరాలున్నాయి. షట్టర్ సెకనులో రెండువేలవ వంతు తెరుచుకుంటే చాలు, రెక్క గాలిలో ఆగిపోతుంది. అన్ని ఫ్రేముల్లో ఒకటి తప్పకుండా విడ్డూరంగా వస్తుంది. కంటి మీదికి రెప్పలాంటి లోపలి పొర జారిన క్షణం దొరికితే పిట్ట గుడ్డిదిలా కనిపిస్తుంది. చాలా పిట్టలు తల గోక్కోవాలంటే రెక్కను కిందికి దించి, దాని పైనుంచి కాలు తెచ్చుకుంటాయి. ఆ క్షణం దొరికితే పిట్ట ముడిపడిపోయినట్టుంటుంది. అందుకే ముందు వెనుక ఫ్రేములు కూడా చూపించమని అడగడం మంచి పద్ధతి. అది క్షణంలో పోయిన ఆకారమా, పిట్ట నిజంగా చేసిన పనా అన్నది అక్కడ తేలుతుంది.

నమ్మలేనట్టున్నదల్లా ఎడిటింగ్ అని కొట్టిపారేయడమూ తప్పే. గుడ్లగూబ తల పూర్తిగా వీపు వైపు తిరిగిన ఫోటో నిజమే కావచ్చు. దాని మెడలో 14 ఎముకలుంటాయి, మనకు 7. తలను 270 డిగ్రీల దాకా తిప్పగలదు. 2021లో నెదర్లాండ్స్‌లో ఒక అడవి పెద్దబాతు (గూస్) ఒళ్లంతా తలకిందులై, తల మాత్రం నిటారుగా ఉండి ఎగురుతున్న ఫోటో వస్తే చాలామంది నమ్మలేదు. పెద్ద బాతులు ఎత్తు నుంచి తొందరగా దిగడానికి అలా తిరగబడి రెక్కల కింది గాలిని జారవిడుస్తాయి. మన పాలపిట్ట కూడా జత కోసం ఎగిరేటప్పుడు పైకి లేచి పల్టీలు కొడుతూ కిందికి వస్తుంది. ఇంగ్లీషులో దానికి రోలర్ అనే పేరు వచ్చింది అందుకే. పానగల్ చెరువు గట్టున నీటికాకి రెక్కలు చాచి నిలబడితే అది తడిసిన ఈకలు ఆరబెట్టుకుంటున్నట్టే లెక్క.

ఎండాకాలం ఫోటోల దగ్గర మాత్రం మరీ జాగ్రత్తగా ఉండాలి. పాలమూరు, నల్లగొండల్లో మే నెల మధ్యాహ్నం నోరు తెరిచిన పిట్ట ఫోటోకు ‘పాట’ అని పేరు పెట్టడం చాలాసార్లు చూశాను. పక్షులకు చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి, గొంతు చర్మాన్ని గబగబా ఆడించి, లోపలి తేమను ఆవిరి చేసి ఒళ్లు చల్లబరుచుకుంటాయి. రెక్కలు ఒంటికి అంటకుండా ఎడంగా పట్టుకుని, నీడ వెతుక్కుని నోరు తెరిచిందంటే అది రొప్పుతోందనే అర్థం. ఆ సమయంలో ఒక ఫోటో కోసం దాన్ని లేపి ఎగరగొడితే, దాచుకున్న కాస్త నీటినీ ఖర్చు చేయించినట్టే.

తీతువు గుడ్ల విషయంలో ఇది ఇంకా కఠినం. గుడ్డులో పిల్ల పెరగడానికి 37, 38 డిగ్రీల వేడి సరిపోతుంది. మన మొరం నేల ఎండకు అంతకన్నా ఎంతో ఎక్కువ కాలుతుంది. అందుకే ఆ వేళల్లో తల్లి గుడ్లను పొదగదు, వాటి మీద నీడగా నిలబడుతుంది. దాన్ని గూటి నుంచి దూరం చేసిన ప్రతి నిమిషమూ గుడ్లు నేరుగా ఎండలో ఉంటాయి.

ఫోటో తీసిన తమ్ముణ్ణి పిలిచి మాట్లాడాను. “పది నిమిషాలు నా ముందే ఆడింది సార్. నేనొక అడుగు ముందుకేస్తే అది రెండడుగులు పోయి మళ్ల పడేది” అన్నాడు, ఎంతో సంతోషంగా. విషయం చెప్పాక అతని ముఖం చిన్నబోయింది. అతనికి తెలియదు, అంతే. తెలిసి చేసినవాళ్ల సంగతి వేరు. దసరాకు పాలపిట్టను పట్టి కాళ్లు కట్టి తెచ్చేవాళ్లున్నారు. ఆ పిట్ట రెక్క చాచిన ఫోటో ఎంత నీలంగా మెరిసినా నేను ఒక్క మార్కు వేయను. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం పోటీలో 2009లో గేటు దూకే తోడేలు ఫోటో గెలిచింది. అది మచ్చిక చేసిన తోడేలు అయి ఉండొచ్చని తేల్చి 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. మా చిన్న పోటీలోనూ ఆ తీతువు ఫోటోకు బహుమతి ఇవ్వలేదు. తోటి జడ్జీల్లో ఒకరు చివరిదాకా ఒప్పుకోలేదు, ఫోటోను ఫోటోగానే చూడాలన్నారు. ఆ మాటతో నేను ఇప్పటికీ ఏకీభవించను.

మరుసటి ఎండాకాలం ఆ తమ్ముడే నాకొక ఫోటో పంపాడు. వాళ్ల నాన్న ట్రాలీ ఆటోలో నుంచి దిగకుండా, దూరం నుంచి తీశాడు. వేళ కాని వేళ, వెలుతురు తెల్లగా పేలిపోయి ఉంది, పోటీకి పనికొచ్చే ఫోటో కాదు. బోరు పక్కన నిలిచిన నీళ్లలో పొట్ట ఈకలు ముంచి వచ్చిన తీతువు, గుడ్ల మీద కాళ్లు కొంచెం వంచి నిలబడింది. రెక్కలు సగం విప్పి ఉన్నాయి. తడి ఈకల కొస నుంచి ఒక చుక్క జారుతోంది, కింద నీడలో నాలుగు గుడ్లు.