నడిసముద్రంలో ఉండగానే చెల్లకుండా పోయిన కాగితం

అమెరికా ఉద్యోగ వీసా హెచ్1బీకి లక్ష డాలర్లు కట్టాలంటూ 2025 సెప్టెంబర్ 19న ట్రంప్ సంతకం పెట్టగానే, సెలవుకి ఇంటికొచ్చిన మనవాళ్లు టికెట్ల కోసం ఎలా పరుగులు పెట్టారో గుర్తుందిగా. ఉన్న వీసాలకు వర్తించదని మర్నాడు చెప్పారు, టెన్షన్ తగ్గింది. కానీ విదేశీయుల రాకను ఇలా అడ్డుకునే అంత అధికారం అమెరికా రాజ్యాంగంలో ఎక్కడుందన్న గొడవ మాత్రం మళ్లీ మళ్లీ లేస్తూనే ఉంది.

బంగారు గనులకు, రైలు పట్టాల పనికి అమెరికా వచ్చిన చైనా కూలీలు, ఆ రాకను ఆపేసిన 1882 చట్టం, ఇవన్నీ చాలామందికి తెలిసినవే. ఈ అధికారం గొడవకు అసలు ముడి పడింది మాత్రం 1888లో.

చే చాన్ పింగ్ అనే కూలీ 1875 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండేవాడు. 1887 జూన్‌లో చైనా వెళ్తూ, తిరిగి రానిస్తామని అమెరికా ప్రభుత్వమే ఇచ్చిన సర్టిఫికెట్ తీసుకున్నాడు. 1888 సెప్టెంబర్ 7న హాంకాంగ్‌లో ఓడెక్కాడు. అతను సముద్రంలో ఉండగా అక్టోబర్ 1న స్కాట్ చట్టం వచ్చి అలాంటి కాగితాలన్నిటినీ రద్దు చేసింది. 8న రేవుకి చేరితే దిగనివ్వలేదు.

అతను వేసిన కేసులో వాదన సూటిగానే ఉంది. అప్పటికే ఉన్నవాళ్లు వెళ్లి రావచ్చని చైనాతో చేసుకున్న 1880 ఒప్పందంలో మీరే రాశారు, కాగితమూ మీరే ఇచ్చారు, పైగా పరాయివాళ్లను రాకుండా ఆపే అధికారం కాంగ్రెస్‌కు (అమెరికా పార్లమెంటుకు) ఉందని రాజ్యాంగంలో ఎక్కడా విడిగా రాసిలేదు (పౌరసత్వం ఇవ్వడం గురించి ఉంది, అది వేరే సంగతి). ప్రభుత్వమేమో కూలి రేట్లు పడిపోతున్నాయని, దొంగ సాక్ష్యాలతో లోపలికొస్తున్నారని అంది.

1889 మేలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ప్రభుత్వం వైపే నిలిచింది. తీర్పు రాసిన జస్టిస్ ఫీల్డ్, సార్వభౌమ దేశమంటేనే ఎవరిని రానివ్వాలో తేల్చుకునే హక్కు ఉన్నట్టేనని, ఒప్పందాన్ని తర్వాతి చట్టం తోసేయొచ్చని అన్నాడు. రాజ్యాంగంలో రాయని అధికారాన్ని దేశం అన్న మాటలోంచే తీశారన్నమాట!

తమాషా ఏంటంటే, 1893లో ఇదే తర్కంతో దేశంలో ఉంటున్న చైనీయులను కూడా పంపేయొచ్చని కోర్టు తేల్చినప్పుడు, లోపలికి రానిచ్చినవాళ్ల సంగతి వేరంటూ ఫీల్డే వ్యతిరేకించాడు. అప్పటికే చేయి దాటిపోయింది. అక్కడ పుట్టిన చైనీయుల పిల్లల పౌరసత్వాన్ని 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసు కాపాడింది గానీ, అది వేరే దారి.

ట్రంప్ లక్ష డాలర్ల ప్రకటన విదేశీయుల రాకను ఆపే అధికారం అధ్యక్షుడికిచ్చిన ఒక చట్టం సెక్షన్ ఆధారంగా వచ్చింది, కొన్ని దేశాలవాళ్లను రానివ్వని ట్రంప్ ప్రయాణ నిషేధాన్ని 2018లో కోర్టు నిలబెట్టింది కూడా ఆ సెక్షన్ మీదే. ఇది ఫీజు కాదు పన్ను, పన్ను వేయాల్సింది కాంగ్రెస్ అంటున్నవాళ్ల మాటలో పస ఉంది. కాకపోతే దేశంలోకి రావడం అనగానే కోర్టులు వెనక్కి తగ్గడం 1889 నుంచీ అలవాటే.

చైనీయులను ఆపే చట్టాలు 1943లో పోయాయి, అయినా అప్పుడు వాళ్లకిచ్చిన కోటా ఏడాదికి 105 మందే. వాటిని చేసినందుకు 2011లో సెనేట్, 2012లో ప్రతినిధుల సభ విచారం కూడా తెలిపాయి. చే చాన్ పింగ్ తీర్పును మాత్రం సుప్రీంకోర్టు ఇంతవరకూ కొట్టేయలేదు.