ముగ్ధ అంటే మూఢురాలా?

సంస్కృతం పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ని. వ్యాకరణ సందేహాలకన్నా పేర్ల సందేహాలే నాకు ఎక్కువ వస్తాయి. వాటిలో విసుగు పుట్టేంతగా వినిపించేది ఇదీ: "మాస్టారూ, పాపకి ముగ్ధ అని పెట్టుకున్నాం. మూఢురాలని అర్థమట కదా, మార్చేయమంటారా?"

అపోహ: ముగ్ధ, మూఢ ఒకే మాట. కాబట్టి అది తిట్టు.

వాస్తవం: ఇందులో సగం నిజముంది, అందుకే పుకారు చావడం లేదు. రెండూ ముహ్ ధాతువు బిడ్డలే. దారీతెన్నూ తోచకపోవడం దాని అర్థం. దానికి 'అలా అయిన' అనే అర్థమిచ్చే క్త ప్రత్యయం చేరినప్పుడు హకారం రెండు రకాలుగా మారవచ్చని పాణిని సూత్రమే (8.2.33) చెబుతోంది. ఒక దారిలో ముగ్ధ, ఇంకో దారిలో మూఢ. నిఘంటువు తెరిస్తే ముగ్ధ పక్కన మూఢ, సుందర రెండూ ఉంటాయి. పుకారురాయుళ్లు మొదటిదాన్నే ఫొటో తీసి పంపుతారు.

వాడుక సంగతి ఎవరూ చూడరు. ఎంత చెప్పినా ఎక్కనివాడు మూఢుడు. ముగ్ధకు ఇంకా తెలియదు, అంతే. 13వ శతాబ్దంలో వోపదేవుడు తన వ్యాకరణానికి 'ముగ్ధబోధం' అని పేరు పెట్టాడు, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమని. మూఢుల కోసం ఎవరైనా కూర్చుని వ్యాకరణం రాస్తారా?

కావ్యాల తీరు చర్చించే అలంకారశాస్త్రంలో స్వీయ నాయికకు, అంటే తన భర్తనే వలచే నాయికకు, ముగ్ధ, మధ్య, ప్రగల్భ (ఆరితేరినది) అని మూడు దశలు. భానుదత్తుడు నాయికా నాయకుల గురించి రాసిన రసమంజరిలో ముగ్ధను అజ్ఞాతయౌవన, జ్ఞాతయౌవన అని మళ్లీ విడదీశాడు. తనకు యౌవనం వచ్చిందని తనకే తెలియని పిల్ల మొదటిది. ఎంత సున్నితమైన పరిశీలన! తప్పు చేసిన ప్రియుడిమీద కోపం చూపే తీరును బట్టి వచ్చే ధీర, అధీర అనే భేదాలు మిగతా ఇద్దరికే. ముగ్ధకు దెప్పిపొడవడం కూడా ఇంకా చేతకాదు.

ఒక జంట పేరు మార్పుకి అఫిడవిట్ కూడా రాయించుకుని నా దగ్గరికొచ్చారు. బారసాలలోనే బంధువొకాయన ఆ మాట అనేశాడట, ఆ తల్లి అప్పట్నుంచీ బిడ్డను పేరుపెట్టి పిలవడమే మానేసింది. ఆవిణ్ణి ఏమనగలం? ఆ పెద్దమనిషి దొరికితే మాత్రం నాలుగు మాటలు అడిగేవాణ్ని. అంతా విన్నాక తండ్రి, "పోనీ స్నిగ్ధ అని మార్చమంటారా?" అన్నాడు. స్నిహ్ ధాతువూ ఆ సూత్రంలోదేనండీ, దానికీ స్నీఢ అని జోడీ ఉంది, ఆ బంధువుకి మాత్రం చెప్పకండి అన్నాను. అఫిడవిట్ అక్కడే చింపేశారు.

అపోహ: ముగ్ధ అంటే మాట్లాడనిది.

వాస్తవం: మూగతో కలిపేశారు. అది 'మూక' నుంచి వచ్చింది, దీనికి చుట్టం కాదు.

అపోహ: ఆడవాళ్లకే వాడాలి.

వాస్తవం: ముగ్ధుడు లేడా? పాట విని ముగ్ధుణ్ణయ్యానంటాం. ఒళ్లు తెలియకపోవడమేగా అది, ముహ్ ధాతువుకి మనందరికన్నా దగ్గరివాడు ఆ శ్రోతే.