అంబాసిడర్‌కి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: అపోహలు - వాస్తవాలు

అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌లో సీబీ (కాంటాక్ట్ బ్రేకర్) పాయింట్ల పని ఒక్కటే: కాయిల్ కరెంటును సరైన క్షణంలో తెంచడం. ఎలక్ట్రానిక్ కిట్‌లో షాఫ్ట్ మీద కూర్చునే అయస్కాంతాల రింగు, దాని పక్కన బిగించే మాడ్యూల్ కలిసి ఆ పనే చేస్తాయి. నిప్పురవ్వను ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో మిగతాదంతా పాతదే. ఇది మరచిపోవడం వల్లే చాలా అపోహలు.

అపోహ: కిట్ వేస్తే పికప్, మైలేజీ పెరుగుతాయి.

పాయింట్ల గ్యాప్ 0.35-0.40 మి.మీ. ఉండి, టైమింగ్ (నిప్పురవ్వ పడే క్షణం) కుదిరిన బండికి తేడా దాదాపు తెలియదు. అసలు లాభం వేరు. షాఫ్ట్‌కి ఆనే పాయింట్ల మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి, టైమింగ్ వెనక్కి జారుతుంది. కిట్‌లో అలా అరిగేది లేదు కాబట్టి, పెట్టిన టైమింగ్ నిలుస్తుంది.

అపోహ: మిస్సింగ్ ఏదైనా కిట్‌తో పోతుంది.

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. కిట్ కొనకముందే డిస్ట్రిబ్యూటర్‌ని చూడండి. షాఫ్ట్ పట్టుకుని పక్కలకు ఊపితే కదలిక చేతికి తెలిసిందా, బుష్షులు పోయినట్టే. షాఫ్ట్ పైన కూర్చునే రోటర్‌ని అది తిరిగే దిశలో కొద్దిగా తిప్పి వదిలితే స్ప్రింగుల బలంతో వెనక్కి రావాలి. వ్యాక్యూమ్ పైపును నోటితో పీల్చి, నాలుకతో మూస్తే, పాయింట్లు బిగించే ప్లేటు కొద్దిగా పక్కకు తిరిగి, ఆ చోటే ఆగాలి. జారిపోతే దాన్ని లాగే పొర (డయాఫ్రం) చిరిగిందన్నమాట.

అందరూ వదిలేసేది ఒకటుంది: పాయింట్ల ప్లేటును బాడీకి కలిపే సన్నని ఎర్త్ వైరు. వ్యాక్యూమ్ లాగినప్పుడల్లా వంగి వంగి, నూలు తొడుగు లోపల పోగులు తెగుతాయి. పైకి మాత్రం రెండు కొసలూ అంటుకునే కనిపిస్తాయి. బండి ఐడిలింగ్‌లో బాగానే ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కగానే తడబడుతుంది. కొత్త మాడ్యూల్ చెడిపోయిందని దాన్ని తిట్టుకుంటాం. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి, ఒక కొస ప్లేటు మీద, ఇంకోటి బ్యాటరీ ఎర్త్ మీద పెట్టి, ప్లేటును కదుపుతూ చూడండి. రీడింగ్ సున్నా దగ్గరే నిలబడాలి. ఎగిరెగిరి పడితే ఆ వైరు మార్చాల్సిందే.

అపోహ: ఏ కాయిల్ అయినా సరిపోతుంది.

వైర్లు విప్పి, కాయిల్ రెండు చిన్న టెర్మినళ్ల మధ్య కొలవండి. 3 ఓమ్స్ ఉంటే 12 వోల్టులకు 4 ఆంపియర్లు పారతాయి. 1.5 ఓమ్స్ కాయిల్‌ని బ్యాలస్ట్ (కరెంటును తగ్గించే రెసిస్టర్) లేకుండా పెడితే అది 8 అవుతుంది, కాయిల్, మాడ్యూల్ రెండూ కాగిపోతాయి. కిట్ కాగితంలో కనీసం ఎన్ని ఓమ్స్ ఉండాలో రాసి ఉంటుంది, దానికి తగ్గకూడదు. బ్యాలస్ట్ ఉన్న బండిలో మాడ్యూల్‌కి కరెంటు బ్యాలస్ట్‌కి ముందు నుంచే తీసుకోవాలి. పాయింట్లు పూర్తిగా తీసేసే కిట్ అయితే కండెన్సర్‌నీ తీసేయండి.

అపోహ: పాయింట్లున్న చోట బిగిస్తే చాలు, టైమింగ్ ముట్టుకోనక్కర్లేదు.

సెన్సర్ కరెంటు తెంచే చోటు పాయింట్లు విడిపోయే చోటుతో కలవదు. టైమింగ్ లైటుతో, వ్యాక్యూమ్ పైపు విప్పి మూసి, మళ్లీ సెట్ చేయాలి. అయస్కాంతాల రింగు పూర్తిగా కిందికి దిగకపోతే రోటర్ ఎత్తుగా కూర్చుని డిస్ట్రిబ్యూటర్ మూతను గీకుతుంది. సెల్ఫ్ కొట్టేముందు ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, మూత లోపల కొత్త గీతలున్నాయేమో చూడండి.

అపోహ: ఎలక్ట్రానిక్ అంటే ఇక చెడిపోదు.

ప్లస్, మైనస్ తారుమారైతే మాడ్యూల్ క్షణంలో పోతుంది. బాగా పాత బళ్లలో బ్యాటరీ ప్లస్ బాడీకి కలిసి ఉండొచ్చు, కిట్ ఆర్డర్ చేసేముందు చూసుకోండి. ఇంజన్ ఆగి ఉండగా ఇగ్నిషన్ ఆన్‌లో వదలొద్దు. బ్యాటరీ బాగా దిగిపోయినప్పుడు పాయింట్ల బండి తోస్తే అందుకునే అవకాశం ఉంటుంది. మాడ్యూల్‌కి తగినంత వోల్టేజీ అందకపోతే ఎంత తోసినా నిప్పురవ్వ రాదు.

తీసిన పాయింట్లు, కండెన్సర్, వాటి స్క్రూలు, గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ ఒక డబ్బాలో వేసి డిక్కీలో ఉంచండి. పాయింట్లు ప్లేటుతో సహా, గ్యాప్ ముందే పెట్టి ఉంటే రోడ్డు పక్కన మార్చడం ఇంకా తేలిక.